తొమ్మిదిన్నరకు బడి గంట

బస్సులో ఎవరో దగ్గినారు. వెనక సీట్లోనో ఇంజిను పక్కనో ఆరీఫాకు తెలియలేదు గానీ, బస్సులో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా అటు తిరిగి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు కిటికీల వైపు మళ్ళుకున్నాయి. తనకు తెలియకుండానే ఆమె ఒళ్ళో ఉన్న సుహానా ముఖాన్ని కొంగులోకి లాక్కుంది. నాలుగేళ్ళ పిల్ల ఆ కొంగును తోసేసి మళ్ళీ బయటికి తొంగి చూసింది. దానికి ఎద్దులు కావాలి. కల్యాణదుర్గం దాటినప్పటి నుంచి చేలల్లో కనబడిన ఎద్దునల్లా లెక్కపెడుతోంది, ఆరు తర్వాత ఎనిమిది, ఎనిమిది తర్వాత మళ్ళీ నాలుగు. ఈరోజు ఎద్దులకేం కరువు లేదు. జూన్‌లో రావలసిన వాన ఆగస్టు నడిమికి వచ్చింది, మూడు రోజుల కిందట ఒక్క పూట కురిసిపోయింది, ఆ తేమ ఆరేలోపల వేరుశనగ విత్తనం నేలలో పడాలని ఊళ్ళకు ఊళ్ళు చేలల్లోనే ఉన్నాయి. గొర్రు తోలే మగవాళ్ళు, గొర్రు వెంట నడుస్తూ గింజలు పోసే ఆడవాళ్ళు, ఎర్ర నేల మీద నీలం చీరలు, పచ్చ చీరలు. వీళ్ళందరి పిల్లలూ ఇప్పుడు ఎక్కడున్నారు అనుకుంది ఆరీఫా. అనుకున్నాక తెలిసింది, దానికి జవాబు చెప్పాల్సింది తానేనని. బడికి తయారవుతుంటారు. ఒకరి జడ ఒకరు వేసుకుంటుంటారు, నిన్న ఎక్కడో పారేసిన పలక కోసం మంచాల కింద వెతుక్కుంటుంటారు. ఇంకో గంటలో అరవై మూడు మంది పిల్లలు బడి వాకిట్లో నిలబడి, తాను బస్సు దిగి ఏం చెప్తుందా అని చూస్తారు.

అరవై మూడు. మొన్నటి దాకా అరవై నాలుగు. మూడో తరగతి లహరి అనంతపురం పెద్దాసుపత్రిలో ఉంది. ఆ పిల్ల నాయన తిప్పేస్వామి పుణెలో బిల్డింగు పనికి పోయి జ్వరంతో ఇల్లు చేరినాడు, ఆయన లేచి తిరిగేలోపల కూతురు పడింది. స్వైన్ ఫ్లూ అని ఎవరూ నోరు తెరిచి అనలేదు. గొంతులోంచి ఏదో తీసి హైదరాబాదుకు పంపినారట, జవాబు నాలుగు రోజులకు గానీ రాదట. నాలుగు రోజులు! లహరి వెనక వరసలో కూర్చునే పిల్లలు ఇద్దరికి నిన్నటికే ఒళ్ళు వెచ్చబడింది. ఎర్రమిట్టపల్లి బడి అంటే రెండు గదులు, ఒక వరండా, వరండా చివర అంగన్‌వాడీ గది. టీచరు తానొక్కతే, తోడుగా విద్యా వాలంటీరు కిరణ్. హెడ్మాస్టరు లేడు కాబట్టి ఆ కుర్చీ కూడా తనదే. నిన్న సాయంత్రం మండల విద్యాధికారికి ఫోన్ చేస్తే ఆయన అన్నాడు, "పైనించి ఆర్డర్లేమీ రాలేదమ్మా. మూసినా నువ్వే మూసినట్టు, తెరిచినా నువ్వే తెరిచినట్టు. రేపు తొమ్మిదిన్నర లోపల ఏదో ఒకటి చెప్పు, రాసుకుంటా." ఆయన గొంతులో కోపం లేదు. భయం ఉంది. ఆయనకూ బడికి పోయే పిల్లలున్నారు.

మూసేయడమే మేలని ఎవరైనా అంటారు. బడి కమిటీ హనుమంతప్ప నిన్న అదే అన్నాడు. "మూసేయమ్మా. టీవీలో సూస్తాండాం గదా, పూనాలో అన్నీ మూసినారంట. పిల్లోల్లు ఇంటి పట్టున ఉంటారు." ఆయన ఇంట్లో ఉంటారు. ఆయన భార్య ఉంది, తల్లి ఉంది, పనిమనిషి ఉంది, ఇల్లంటే మనుషులున్న చోటు. పొద్దున ఆరింటికి తాళం పడి సాయంత్రం ఆరింటికి తెరుచుకునే ఇళ్ళ గురించి ఆయనకు తెలియక కాదు, ఆ పూటకు గుర్తు రాలేదు. గుర్తు చేసింది బయమ్మ. ఐదో తరగతి నందిని వాళ్ళమ్మ. నెత్తి మీద గడ్డిమోపు దించకుండానే నిలబడి, "మూస్తే మూయమ్మా, నాకేమి," అనింది. "అంగన్‌వాడీ గూడా మూస్తారు గదా. చిన్నోన్ని నందిని ఎత్తుకుంటాది, నేను చేనికి పోతా. మల్ల నువ్వు తెరిచిన పొద్దు నందిని రాలేదని మాత్రం నా ఇంటి మీదికి రావద్దు." అని మోపుతో పాటు మలుపు తిరిగి పోయింది. అందులో బెదిరింపు లేదు. జరగబోయేది చెప్పింది, అంతే.

ఆ మాట నిన్నటి నుంచి ఆరీఫాలో ఎక్కడో తగులుతూనే ఉంది, చెప్పులో దూరిన గులకరాయి మాదిరి. ఎందుకంటే ఆమె కూడా ఒకప్పుడు నందినే. కొత్తచెరువులో, నాలుగో తరగతి చదువుతుండగా, ఊరంతా తట్టు లేచింది. బడి మూసినారు, రెండు వారాలే అన్నారు. నాయన రసూల్ సాబ్ దూదేకే విల్లు భుజాన వేసుకొని ఊళ్ళ మీద పోతే వారానికొకసారి వచ్చేవాడు, అమ్మ పీరాంబీ కూలికి పోయేది, పది నెలల తమ్ముడు అజ్మతుల్లా అక్క చంకకెక్కినాడు. ఎంత బరువుండేవాడని! ఎడమ వైపు నడుము వంగిపోయేది. కానీ వాడు మొదటి అడుగు వేసింది ఆ రెండు వారాల్లోనే, ఆమె రెండు వేళ్ళు పట్టుకొని, గడప దగ్గర్నుంచి నీళ్ళ తొట్టి దాకా. సాయంత్రం అమ్మ వచ్చినాక చెప్తే అమ్మ నవ్వి, ఆ తర్వాత ఎందుకో కళ్ళు తుడుచుకుంది. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది, సుహానా మొదటి అడుగు చూసింది తాను కాదు, పగలు పాపను చూసుకునే పెద్దక్క. రెండు వారాలకు బడి తెరిచినారు. ఈలోపల తమ్ముడు ఆమె చంకకు అలవాటు పడినాడు, ఇల్లు ఆమె చేతికి అలవాటు పడింది. బడికి పోవద్దని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా ఎవరూ అనలేదు. పొద్దున గంట వినబడేది, తమ్ముణ్ణి ఎత్తుకొని వాకిట్లోకి వచ్చి నిలబడేది, గంట ఆగిపోయేది, లోపలికి పోయేది. అట్లా రెండేళ్ళు. నాగలక్ష్మమ్మ టీచరు ఒకనాడు ఆ దారిన పోతూ మంచినీళ్ళు అడగకుంటే, చక్కెర పొట్లం కట్టిన కాగితాన్ని తమ్ముడికి చదివి వినిపిస్తున్న పిల్లను చూడకుంటే, ఇదేందే అని అడగకుంటే... ఇప్పుడీ బస్సులో కూర్చునేది కాదు. ఇప్పుడు అమ్మ కొత్తచెరువులోనే ఉంది, ఆ తమ్ముడి పిల్లల్ని పెంచుతోంది, అందుకే సుహానాను పెంచలేకపోయింది. పిల్లల్ని ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఎత్తుకునే చేతులు మాత్రం ఎప్పుడూ ఒకటి తక్కువే.

"అమ్మా, ఆకలి," అనింది సుహానా. పొద్దున తినలేదు. తినే సమయమెక్కడిది! ఏడున్నరకు పెద్దక్క ఇంటికి పోతే ఆమె తలుపు సగమే తీసింది. నాలుగేళ్ళుగా ఆ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. "ఆరీఫా, తిట్టుకోవద్దమ్మా. కోడలు కడుపుతో ఉండాది, ఏడో నెల. నువ్వా, జరాలొచ్చిన పిల్లోల్ల నడుమ కూర్చోనొస్తాండావు. ఈ పది దినాలు పాపను నా దగ్గర పెట్టొద్దు." తలుపు సందులోంచే చెయ్యి చాపి సుహానా తల నిమిరింది, ఇంతలో లోపలికి పోయి పిల్ల గౌనుకు ఒక గుడ్డమూట పిన్నీసుతో గుచ్చింది, అందులో కర్పూరం, యాలకులు. జబ్బు రాకుండా ఉండటానికట. వాకిట్లోకి రానీయని పిల్లకు రక్ష కట్టింది పెద్దక్క. ఆమె మీద కోపం తెచ్చుకుందామని బస్టాండు దాకా ప్రయత్నం చేసింది ఆరీఫా, రాలేదు. ఆమె స్థానంలో తానున్నా తలుపు సగమే తీసేది. మొగుడు ధర్మవరం బస్సు డిపోలో, ఆదివారం గానీ రాడు. ఫోన్ చేస్తే, సెలవు పెట్టేయరాదా అన్నాడు. తానే సెలవు పెడితే మూసేదెవరు, తెరిచేదెవరు? సంచీలోంచి బిస్కత్తు తీసి ఇచ్చింది. పిల్ల ముందు అంచులు కొరికి, గుండ్రంగా చేసి, దాన్ని చూసి సంతోషపడింది. కర్పూరం వాసన, బిస్కత్తు వాసన, డీజిల్ వాసన. చిన్న తల వెచ్చగా గుండెకు ఆనుకొని ఉంది. వెచ్చగానా? చెయ్యి పెట్టి చూసింది. ఎప్పుడూ ఉండే వెచ్చదనమే. మళ్ళీ చూసింది.

కంబదూరు ఇంకా దూరముంది. ఒక మలుపులో బస్సు ఆగిపోయింది, రోడ్డుకు అడ్డంగా గొర్రెలు. డ్రైవరు హారన్ కొట్టకుండా ఊరికే కూర్చున్నాడు, అప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో ఆరీఫా మనసులోకి సుంకమ్మ వచ్చింది. ఎన్నేళ్ళయిందో ఆ పేరు తలచుకొని! బడి మూసినారు, మూసినారు అని చెప్పుకుంటూ వచ్చింది గానీ, ఎందుకు మూసినారో దాన్ని ఎప్పుడూ చెప్పుకోలేదు. గురప్ప కూతురు సుంకమ్మ. తన పక్కనే కూర్చునేది. ఒక బలపాన్ని కొరికి ఇద్దరూ పంచుకునేవాళ్ళు. నాలుగు రోజులు కళ్ళు ఎర్రగా చేసుకొని, ముక్కు కారుతూ బడికొచ్చింది, ఇంట్లో ఎవరూ లేరు కదా, బడిలోనైతే పక్కన మనుషులుంటారని వాళ్ళమ్మ పంపింది. నాలుగో రోజు బల్ల మీద తల పెట్టి పడుకుంది. టీచరు లేపలేదు, పడుకోనీలే పాపం అనింది. నిద్రలో దాని ఊపిరి తన మోచేతికి తగిలేది, పొయ్యి గాలి మాదిరి. ఐదో రోజు రాలేదు. ఆరో రోజు బడి మూసినారు, అప్పటికే ఆలస్యమైంది. తరగతిలో పదకొండు మందికి తట్టు లేచింది. పదిమంది లేచి తిరిగినారు. సుంకమ్మ లేవలేదు. నాలుగు రోజుల ముందు మూసి ఉంటే? మిగిలిన పదిమందికీ వచ్చేది కాదేమో. మూయకుండా ఉండి ఉంటే తన రెండేళ్ళూ మిగిలేవేమో. ఒక చేతిలో సుంకమ్మ, ఒక చేతిలో తన రెండేళ్ళు, వీటిని తూచే తక్కెడ ఏ ఆఫీసులో ఉంటుంది? అక్కడ చదువు, ఇక్కడ ప్రాణం అని హనుమంతప్పకు సులువుగా తోచింది. అట్లా కాదు. బడి మూస్తే పదేళ్ళ పిల్ల ఒంటరిగా పొయ్యి ముట్టిస్తుంది, రెండేళ్ళవాడు నీళ్ళ తొట్టి దగ్గరికి పోతాడు. అదీ ప్రాణమే. మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నం కొందరికి ఆ రోజుకు మొదటి అన్నం. అదీ ప్రాణమే.

గొర్రెలు పోయినాయి, బస్సు కదిలింది. తెరుద్దాం అనుకుంది. కిటికీలు తీసి, దూరం దూరంగా కూర్చోబెట్టి, ఒళ్ళు వెచ్చగా ఉన్నవాళ్ళను ఇంటికి పంపించి, తెరుద్దాం. అనుకుంటే కొంచెం ప్రాణం తేలికపడింది. సరే, సుహానాను ఎక్కడ పెట్టాలి? పిల్లల మధ్య వద్దు. బీరువా పక్కన, కిటికీ కింద, కుర్చీ వేసి విడిగా కూర్చోబెట్టవచ్చు, ఎవరినీ దగ్గరికి రానీయకుండా బొమ్మల పుస్తకం ఇచ్చి... అక్కడ ఆగిపోయింది ఆరీఫా. ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి తాను చేస్తున్న ఆలోచన ఇదే. ఆ కుర్చీ ఎక్కడ వేయాలో, ఆ కిటికీ ఏ వైపు తెరవాలో, అన్నం ముందుగా ఎట్లా తినిపించాలో, అన్నీ మనసులో ఎప్పుడో సర్దిపెట్టుకుంది. ఆ గదిలో, ఆ పిల్లల పక్కన, తన బిడ్డను కూర్చోబెట్టడానికి తనకు మనసు రావడం లేదు. మరి బయమ్మ బిడ్డను ఎట్లా కూర్చోమంటావే? ఎవరో అడిగినట్టే వినబడింది. సిగ్గుతో చెవులు కాలినాయి. ఇంక లెక్కలు వేయలేదు. గదులు తెరవడం లేదు, అంతే. ఆ తర్వాత ఏమి, పిల్లల్ని ఎవరు ఎత్తుకోవాలి, అన్నం ఎట్లా, నందిని ఎట్లా, వీటికి ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండానే కంబదూరు వచ్చింది, పోయింది. జవాబు లేకుండానే బిడ్డను చంకనేసుకొని ఎర్రమిట్టపల్లి స్టేజీలో దిగింది. తొమ్మిదీ పదైదు.

వాకిట్లో పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువ ఉన్నారు. చేనికి పోయే ఆడవాళ్ళు సద్దిమూటలతో సహా నిలబడినారు. కిరణ్ ముక్కుకు చేతిరుమాలు కట్టుకొని, గంట కొట్టే ఇనుప కమ్మీ పట్టుకొని వరండాలో ఉన్నాడు.

"కొట్టమంటారా మేడమ్?"

"వద్దు కిరణ్. పది రోజులు గదులు తెరవం." గట్టిగానే చెప్పింది, అందరికీ వినబడేటట్టు. పిల్లల్లో కొందరు ఎగిరినారు, తల్లుల ముఖాలు చూసి ఆగినారు. హనుమంతప్ప మంచి పని చేసినావమ్మా అన్నట్టు తల ఊపినాడు. ఆడవాళ్ళలో ఎవరూ తల ఊపలేదు. బయమ్మ ముందుకొచ్చి, ఆరీఫాను కాదు, చంకలో ఉన్న పిల్లను చూసింది.

"బడి మూస్తే మూస్తివి. మల్ల నీ బిడ్డనెందుకు దెచ్చినావు?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం పట్టేది. "పెట్టేదానికి చోటు లేక తెచ్చినా బయమ్మా," అనింది ఆరీఫా. "దీన్ని చూసుకొనే ఆయమ్మ పొద్దున వాకిట్లోనే వద్దనింది. ఆమెను తప్పు పట్టేదానికి లేదు. నేను రాకుంటే కాదు. ఇది యాడ ఉంటుంది? బడి తెరిచింటే దీన్ని ఒక మూల దూరంగా పెట్టుకుందామనుకున్యా. ఆ మాట అనుకున్యాక మీ పిల్లోల్లను లోపల కూర్చోబెట్టే ముఖం నాకు లేదు."

వెనక నుంచి ఎవరో ముసలామె నవ్వింది, ఇంకొకామె అందుకుంది. బయమ్మ నవ్వలేదు గానీ ముఖం వదులైంది. "అట్లయితే మా లెక్కనే ఉండావే నువ్వూ!"

"మీ లెక్కనే ఉండా. అందుకే అడుగుతాండా. నాకు దోవ తెల్దు. మీరే చెప్పల్ల."

టీచరు తమను అడుగుతుందని వాళ్ళు అనుకోలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు బయమ్మ తన వీధి ఇళ్ళు వేళ్ళ మీద ఎంచింది. "మావి ఐదిండ్లు. ఎట్లాగూ ఒకే బావి నీళ్ళు దాగుతాం, ఒకరి జబ్బు ఒకరికి తప్పదు. దినానికొకరు ఇంటికాడ నిలబడితే ఐదిండ్ల పిల్లోల్లనూ జూసుకుంటారు. మిగిలిన నలుగురం ఆమె సాలు గూడా పోస్తాం. అన్ని వీధులోల్లూ ఇట్లనే వంతులేసుకుందాం."

"పదునులో మనిషి తక్కువైతే ఎట్ల బయమ్మా?" అన్నాడు హనుమంతప్ప. "తేమ ఆరిపోతాండాది."

"నీ చేనికే ముందు వస్తాం లే అన్నా. నీ కొట్టం ఖాళీగా ఉండాది గదా, నీడకు పిల్లోల్లకు అదియ్యి."

ఆయన తువ్వాలు దులిపి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఊడ్చుకొని వాడుకోండి," అన్నాడు.

"ఒక్క మాట," అనింది ఆరీఫా. "చిన్నోల్లను ఎత్తుకునేది వంతుకు నిలబడిన పెద్దోల్లే. నందినీ, దాని సాటి పిల్లోల్లూ పలక పట్టుకొనే కూర్చోవల్ల. నేనూ కిరణూ గుంపు గుంపుకాడికీ వస్తాం, బయట నిలబడి చెప్తాం. అన్నం ఈడ వండించి యాడికాడికి పంపిస్తా." తల్లి వెనక నిలబడిన నందిని ఆ మాటకు తలెత్తి టీచరును సూటిగా చూసింది. ఆ చూపును చాలా రోజులు మరిచిపోలేకపోయింది ఆరీఫా.

ఆ పది రోజులు ఏమంత చక్కగా గడవలేదు. ఒక వీధి వాళ్ళు మూడో రోజుకే పోట్లాడుకొని విడిపోయినారు. ఇంకో వీధిలో వంతుకు నిలబడినామె పిల్లల్ని వదిలేసి మధ్యాహ్నానికే చేనికి పోయింది. శనివారం హైదరాబాదు జవాబు వచ్చింది, లహరికి వచ్చింది ఆ జబ్బేనని. ఊళ్ళో ఇంకో నలుగురు పిల్లలు పడినారు, నలుగురూ లేచినారు. లహరి చిక్కి సగమై, నాయన భుజమెక్కి ఇల్లు చేరింది. బడి తెరిచిన పొద్దున అరవై ఒక్కరు వచ్చినారు, వాళ్ళలో నందిని ఉంది. రాని ముగ్గురి కోసం ఆరీఫా దసరా దాకా తిరిగి ఇద్దరిని తెచ్చుకుంది. మూడో పిల్లను తేలేకపోయింది. ఆ లోటు ఇప్పటికీ ఆమెతోనే ఉంది.

కానీ ఆ పొద్దున వాకిట్లో నిలబడినప్పుడు ఇవేవీ తెలియవు. తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి విద్యాధికారికి ఫోన్ చేసింది. "నీ పేరుతోనే రాసుకోనా అమ్మా?" అని అడిగినాడాయన మెల్లగా. రాసుకోండి సార్ అనింది. ఫోన్ పట్టుకున్న చేతికి, బిడ్డ బరువుకు, భుజం లాగుతోంది. సర్దుకుందామని చూస్తే అప్పటికే బయమ్మ దగ్గరికొచ్చి రెండు చేతులూ చాపింది. మట్టి పట్టిన చేతులు, వేళ్ళ సందుల్లో విత్తనాలకు పట్టించే మందు ఎరుపు. తానే గమనించి, వెనక్కి తగ్గి, పోయి బోరింగు దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొని, చీరకు తుడుచుకొని మళ్ళీ వచ్చింది.

"ఇయ్యి," అనింది. "ఈ పొద్దు నా వంతు."

"నీకు ఐదిండ్ల పిల్లోల్లున్నారు గదా..."

"ఆరిండ్లు," అనింది బయమ్మ, పిల్లను చంకకెత్తుకుంటూ. "తినిందా ఏమన్నా?"

"లేదు," అనింది ఆరీఫా. అనేసరికి కళ్ళు నిండినాయి. సద్దిమూట విప్పుకుంటూ, సుహానాతో ఏదో మాట్లాడుకుంటూ, బయమ్మ కొట్టం వైపు నడిచిపోయింది.